నాన్‌స్టిక్ పెనం, మన బావి నీళ్ల ఫ్లోరిన్: అత్తమ్మ అడిగిన దానికి జవాబు

మర్రిగూడ మండలం నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు పెట్టిన నాన్‌స్టిక్ సెట్టును నాలుగేళ్లుగా వాడుతోంది. దోశ పెనం నడిమధ్యలో అంటుకుంటోంది. ఫ్రైపాన్‌లో పొర లేచి చిన్న చిన్న నల్ల ముక్కలు కూరలో కనబడుతున్నాయి. కడాయి మాత్రం బాగానే ఉంది. వాళ్ల అత్తమ్మ బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి, మోకాళ్లు వంగవు, నడుము నిలవదు. ఎవరో చెబితే విని, "దీంట్లో కూడా ఫ్లోరినే ఉందట, నీళ్లతో పోయింది చాలదా, కూరలో కూడా కలుపుకోవాలా" అని మొత్తం సెట్టు తీసి పారేయమంటోంది. పారేయాలా, వాడుకోవచ్చా, వాడితే ఎట్లా వాడాలి అన్నది ప్రశ్న.

నల్లగొండలో మాకు వంట సామాన్ల దుకాణం ఉంది. నేను, మా ఆయన కలిసి ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నాం. అంతకుముందు నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. అమ్మిన పెనాలు ఎన్నో, పాడై వెనక్కి తెచ్చి చూపించినవి కూడా దాదాపు అన్ని. అందుకే కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు తేల్చాల్సింది తేల్చేస్తాను. పొర లేచిన ఫ్రైపాన్ తీసేయండి. కడాయి వాడుకోండి. దోశ పెనం సంగతి మాత్రం చూడకుండా చెప్పలేం, చాలామంది బాగున్న పెనాన్నే పాడైందనుకుని పారేస్తారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు అత్తమ్మ మాట. ఆమె అన్నది ఊరికే కొట్టిపారేసే మాట కాదు. మన దగ్గర ఫ్లోరిన్ అంటే పళ్లు గారపట్టిన పిల్లలు, నలభై ఏళ్లకే కర్ర పట్టుకున్న పెద్దలు. ఆ పేరు వింటే భయపడటంలో తప్పేమీ లేదు. నాన్‌స్టిక్ పూతలో ఫ్లోరిన్ ఉన్న మాట కూడా నిజమే. ఆ పూత అసలు పేరు పీటీఎఫ్ఈ, టెఫ్లాన్ అన్నది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. కార్బన్ పరమాణువులు పొడుగాటి దారంలా అల్లుకుని, దాని చుట్టూ ఫ్లోరిన్ పరమాణువులు ఒత్తుగా అతుక్కుని ఉంటాయి. ఈ రెండింటి మధ్య బంధం చాలా గట్టిది. నీళ్లలో కరగదు, నూనెలో కరగదు, చింతపండు పులుసు పోసి మరిగించినా ఊడిరాదు. దేనితోనూ కలవదు కాబట్టే దానికి ఏదీ అంటుకోదు.

బోరు నీళ్లలో ఉన్నది వేరు. మన నేల కింది రాళ్లలోని ఖనిజాలు కరిగి నీళ్లలో కలిసిన ఫ్లోరైడ్ అది. ఉప్పు కరిగినట్టు కరిగిపోయి ఉంటుంది, కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. తాగితే పేగుల నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది, అక్కడి నుంచి ఎముకల్లో, పళ్లలో పేరుకుంటుంది. పూత ముక్క పొరపాటున మింగితే అరగదు, రక్తంలోకి పోదు, పొద్దున్నే బయటికి పోతుంది.

దుకాణానికి వచ్చినవాళ్లకు నేను ఒక మాట చెబుతుంటాను. ఉప్పులో క్లోరిన్ ఉంది. మన ఇంటి నల్లా పీవీసీ పైపులో కూడా క్లోరిన్ ఉంది, బరువులో సగానికి పైగా అదే. అట్లని పైపులో వచ్చిన నీళ్లు ఉప్పగా ఉన్నాయా? పెనం పూతలోని ఫ్లోరిన్‌కు, బావి నీళ్ల ఫ్లోరైడ్‌కు ఉన్న తేడా కూడా అంతే. అత్తమ్మకు ఇట్లా చెప్పి చూడండి, ఆమెకు అర్థమవుతుంది.

మాట నీళ్ల దాకా వచ్చింది కాబట్టి ఒకటి తప్పకుండా చెప్పాలి. తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ప్లాంటు నుంచి తెచ్చిన క్యానో పెట్టుకుని, వంటకు మాత్రం బోరు నీళ్లు వాడే ఇళ్లు నేను చాలా చూశాను. బియ్యం పోసిన నీళ్లన్నీ పీల్చుకుంటుంది. పప్పు, పులుసు, చాయ అన్నీ నీళ్లే. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని కొందరు అనుకుంటారు, పోదు. నీళ్లు ఆవిరైపోయి ఫ్లోరైడ్ అడుగునే ఉండిపోతుంది, అంటే ఇంకా చిక్కనవుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు తయారు చేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారు, అంత గోస పడ్డ నేల మనది. కాబట్టి అత్తమ్మ కోసం ఒక్క మార్పు చేయాలనుకుంటే పెనం కంటే ముందు వంట నీళ్లు మార్చండి. తాగే నీళ్లతోనే అన్నం, పప్పు వండండి. బోరు నీళ్లు గిన్నెలు తోమడానికి, బట్టలకు ఉంచండి.

ఇక నాన్‌స్టిక్‌తో నిజంగా జాగ్రత్త పడాల్సింది వేడి దగ్గర. ఎందుకో తెలియాలంటే ఈ పూత ఎట్లా పుట్టిందో చూడాలి. 1938 ఏప్రిల్‌లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే శాస్త్రవేత్త ఫ్రిజ్‌లలో వాడే గ్యాసు మీద పనిచేస్తుంటే, నిండుగా ఉండాల్సిన సిలిండర్ నుంచి గ్యాసు రాలేదట. బరువు చూస్తే తగ్గలేదు. కోసి చూస్తే లోపల జారుడుగా ఉన్న తెల్ల పొడి. అదే ఈ పీటీఎఫ్ఈ. దాన్ని అల్యూమినియం పెనానికి అంటించే దారి 1954లో ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ కనిపెట్టాడు. దేనికీ అంటుకోని పదార్థాన్ని పెనానికి అంటించడమే ఇందులో కష్టమైన పని. ఈ రోజుకీ పెనం పాడవడం అంటే చాలావరకు ఆ అతుకు వదలడమే. ఆ అతుకును వదిలించేవి రెండు: విపరీతమైన వేడి, గీతలు.

ఈ పూత 260 డిగ్రీల దాకా తట్టుకుంటుందని తయారీదారులు చెబుతారు. అది దాటితే మెల్లగా చెడటం మొదలవుతుంది, 350 దాటితే విరిగిపోయి విషవాయువులు వస్తాయి. ఆ పొగ పీల్చిన మనుషులకు కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఛాతీ బిగపట్టినట్టు ఉండటం వస్తుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఫ్లూ జ్వరం అనుకుని మనం పట్టించుకోము కూడా. పక్షులు మాత్రం తట్టుకోలేవు, వాటి ఊపిరితిత్తులు అంత సున్నితం. మా వీధిలోనే ఒక ఇంట్లో వంటింటి కిటికీ పక్కన లవ్ బర్డ్స్ పంజరం ఉండేది. ఆ ఇంటామె పెనం పొయ్యి మీద పెట్టి, పిండి గిన్నె కోసం ఫ్రిజ్ దగ్గరికి పోయింది. ఇంతలో ఫోన్ వచ్చింది, మాటల్లో మరిచిపోయింది. వచ్చి చూసేసరికి ఇల్లంతా ఘాటు వాసన, పంజరంలో రెండు పిట్టలూ కింద పడి ఉన్నాయి. ఆ పెనం నాకు తెచ్చి చూపించారు. నల్లటి పూత బూడిద రంగులోకి తిరిగి, నడుమ బుడగలు లేచి ఉంది. ఇంట్లో పిట్టల పంజరం ఉంటే వంటింటికి దూరంగా పెట్టండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ మొహమాటపడను.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఖాళీ పెనం. గిన్నెలో నీళ్లుంటే వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కూరగాయలు, ఉప్మా, టమాట కూర లాంటివి వండుతున్నంతసేపు పూతకు ఏమీ కాదు. అదే గిన్నె ఖాళీగా పెద్ద మంట మీద ఉంటే కొద్ది నిమిషాల్లోనే 260 దాటిపోతుంది. పలుచటి పెనం అయితే ఇంకా తొందరగా. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో నాన్‌స్టిక్ గురించి కూడా రాశారు. ఖాళీ పెనం పొయ్యి మీద వదిలేసి వేడి 170 డిగ్రీలు దాటనివ్వొద్దని, పూత అరిగిపోయిన గిన్నెలు తీసేయమని అందులో ఉంది. తయారీదారుల అంకె కంటే ఇది చాలా గట్టి హద్దు. నేనైతే ఈ హద్దునే మనసులో పెట్టుకోమంటాను, ఎందుకంటే ఇంట్లో మన దగ్గర వేడి కొలిచే సాధనం ఉండదు.

కొలవకుండా ఎట్లా తెలుసుకోవాలి? నూనె చెబుతుంది. పొయ్యి వెలిగించక ముందే పెనంలో చెంచాడు నూనె వేయండి, తర్వాత సన్న మంట పెట్టండి. నూనె పలుచబడి అటూ ఇటూ పారుతూ మెరుస్తుంటే పోపు గింజలు వేసే సమయం. పొగ లేచిందంటే హద్దు దాటింది. రిఫైన్డ్ నూనె పొగ కక్కిందంటే వేడి 200 దాటినట్టే. గానుగ నూనె కొంచెం ముందే పొగ వస్తుంది, కాబట్టి అది ఇంకా మంచి కాపలాదారు. పొగ చూస్తే వెంటనే మంట ఆర్పి కిటికీ తీయండి. నీళ్లు మాత్రం పోయొద్దు.

ఇదంతా చూస్తే మన వంటల్లో నాన్‌స్టిక్‌కు ఏది తగినది, ఏది కాదో తేలుతుంది. జొన్న రొట్టె అసలు చేయొద్దు. పాలమూరు వైపు నుంచి వచ్చిన కోడళ్లు చాలామంది నాన్‌స్టిక్ తవా మీద జొన్న రొట్టె రావట్లేదని అడుగుతారు. రొట్టె పొంగాలంటే పెనం బాగా కాలాలి. పైన నీళ్లు తడిపి, తిప్పి, ఆ మంట మీదే పొంగించాలి. అంత వేడిలో రోజూ నాలుగైదు రొట్టెలు కాలిస్తే ఆరు నెలల్లో పూత పోతుంది. దానికి ఇనుప పెనమో, మట్టి పెనమో ఉండాలి. నువ్వులు, పల్లీలు, ఎండుమిర్చి, ధనియాలు వేయించడం కూడా నాన్‌స్టిక్‌లో వద్దు. అవన్నీ నూనె లేకుండా, పొడి గిన్నెలో, చాలాసేపు వేయించేవి. పల్లీలు గింజ గింజా గీరుతూ తిరుగుతాయి కూడా. పొడులు కొట్టుకునే ఇంట్లో ఒక ఇనుప మూకుడు తప్పనిసరి. సకినాలు, గారెలు లాంటి నూనెలో వేగేవాటికి నాన్‌స్టిక్‌తో లాభమే లేదు, అంత నూనెలో ఏ గిన్నెలోనైనా అంటుకోవు.

ఆమ్లెట్, చేప ముక్కలు, పనీర్, ఊతప్పం, మెత్తటి దోశ, తక్కువ నూనెతో బెండకాయ వేపుడు, ఇవి నాన్‌స్టిక్ వంటలు. ఎర్రగా కరకరలాడే దోశ కావాలంటే ఇనుప పెనమే మేలు. నాన్‌స్టిక్ మీద ఆ రంగు రావాలని మంట పెంచుతాం, అక్కడే పాడవుతుంది.

సర్వపిండి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో నాన్‌స్టిక్ గిన్నెలు ఎక్కువ చెడిపోయేది దీనితోనే, కానీ నాన్‌స్టిక్‌కు ఇంత బాగా కుదిరే మన వంట కూడా మరొకటి లేదు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లాకు వేసి కలిపి, చల్లటి గిన్నెకు నూనె రాసి, పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్న మంట మీద కాలుస్తాం. చల్లటి గిన్నె, సన్న మంట, మూత, తడి పిండి. నాన్‌స్టిక్ కోరుకునేవన్నీ ఇందులో ఉన్నాయి. వాయి దిగేటప్పుడు అంచు తనంతట తానే వదిలి, గిన్నె వంచితే మొత్తం పళ్లెంలోకి జారిపోతుంది.

ఇబ్బంది రెండో వాయి దగ్గర. గిన్నె కాలుతుంటే చేత్తో పిండి ఒత్తలేం. మా అమ్మ వాళ్ల కాలంలో ఇత్తడి సర్వనో, ఇనుప గిన్నెనో బోర్లించి దాని మీద చెంబెడు చన్నీళ్లు పోసేవాళ్లు, చుయ్‌మని చల్లారేది. ఇనుముకు, ఇత్తడికి అది చెల్లుతుంది. నాన్‌స్టిక్‌కు చెల్లదు. లోపల అల్యూమినియం ఒక్కసారిగా ముడుచుకుంటుంది, పూత అదే వేగంతో ముడుచుకోదు, అతుకు వదులుతుంది. అడుగు కూడా ఉబ్బుతుంది. నాలుగు సంక్రాంతులు ఇట్లా చేస్తే ఆ గిన్నె పొయ్యి మీద ఊగుతుంటుంది. నేను చేసే పద్ధతి ఇది: తడి నూలు బట్ట మీదనో, అరిటాకు మీదనో పిండిని వేరుగా ఒత్తి, చిల్లులు పెట్టి, సగం చల్లారిన పెనంలోకి బోర్లించి మెల్లగా బట్ట లాగేయడం. లేదంటే రెండు పెనాలు పెట్టుకుని ఒకటి చల్లారుతుంటే ఇంకొకటి వాడటం. పది నిమిషాలు ఆగడం వల్ల సర్వపిండికి ఏమీ కాదు.

కడిగేటప్పుడు కూడా ఇదే సంగతి. వండిన వెంటనే వేడి పెనాన్ని నల్లా కింద పెట్టొద్దు. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనివ్వండి.

తోమడానికి స్టీలు పీచు, ఇసుక, బూడిద వద్దని అందరికీ తెలుసు. తెలియనిది ఆకుపచ్చ పీచు సంగతి. మెత్తగా కనబడుతుంది కానీ దాని పోగుల్లో గరుకు రేణువులు కలిపి ఉంటాయి, అది గీరడానికే చేసినది. పసుపు స్పాంజికి ఒకవైపు ఆకుపచ్చ పీచు అతికించి అమ్ముతారు చూడండి, అందులో పసుపు వైపే వాడాలి. పనమ్మాయి తోముతుంటే ఆమెకు పెనం ఇవ్వకుండా పక్కన పెట్టుకుని మీరే కడగండి. నాలుగు గిన్నెలతో పాటు తొందరలో రుద్దేస్తే తప్పు ఆమెది కాదు.

గంటె కట్టెదైనా, సిలికాన్‌దైనా సరే. స్టీలు అట్లకాడతో నెమ్మదిగా తిప్పితే ఏమీ కాదని కొందరు అంటారు. దోశ తిప్పేటప్పుడు ఎంత నెమ్మదైనా అంచు కిందికి అట్లకాడ మూల దూర్చాల్సిందే, ఆ మూలే గీస్తుంది. పెనంలోనే చాకుతో ఆమ్లెట్ కోసే అలవాటు కూడా మానుకోవాలి. చెక్క గంటెకు చివర పగుళ్లు వస్తే మార్చండి.

అలమరాలో ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు నడుమ పాత పంచె ముక్కనో, తువాలు ముక్కనో వేయండి. పైగిన్నె అడుగు కిందిగిన్నె పూతను ఎట్లా గీస్తుందో చూడాలంటే, మీ ఇంట్లో పేర్చిన రెండు పెనాలు తీసి వెలుతురులో పెట్టి చూడండి, గుండ్రటి గీతలు కనబడతాయి. అవి గంటెతో వచ్చినవి కావు.

మంట పెనం అడుగు దాటి పక్కలకు ఎగబాకకూడదు. చిన్న ఫ్రైపాన్‌ను పెద్ద బర్నర్ మీద పెట్టినప్పుడు లోపల తడి తగలని గోడలు ముందు మాడతాయి, పూత అక్కడి నుంచే లేస్తుంది. చెల్లెమ్మ వాళ్ల ఫ్రైపాన్ పొర అంచునుంచే లేచి ఉంటే కారణం ఇదే అయ్యుంటుంది. పిడి వదులైతే స్క్రూ బిగించండి, మరీ బిగిస్తే నల్ల పిడి పగులుతుంది.

ఇప్పుడు దోశ పెనం. అంటుకుంటున్న చోటును ఎండ వెలుతురులోకి తీసుకెళ్లి చూడండి, వేలు పెట్టి రుద్దండి. మూడు రకాలుగా ఉంటుంది.

గోధుమ రంగులో, కొంచెం జిగటగా, నూనె జిడ్డు గడ్డకట్టినట్టు ఉందా? అయితే పూత బాగానే ఉంది. దాని మీద మాడిన నూనె పొర పేరుకుంది, అంతే. దోశ అంటుకునేది ఆ జిడ్డుకు, పెనానికి కాదు. దోశ దోశకు ఉల్లిగడ్డ ముక్కతో నూనె రుద్దే ఇళ్లలో ఇది ఎక్కువ. పెనంలో వేలి మందం నీళ్లు పోసి, ఒక చెంచా తినే సోడా వేసి, సన్న మంట మీద పది నిమిషాలు కాగనివ్వండి. చల్లారాక మెత్తటి బట్టతో రుద్దితే గోధుమ నీళ్లు దిగుతాయి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ చేయండి, గట్టిగా గీకొద్దు. రాత్రంతా సోడా నీళ్లలో నానబెట్టొద్దు, బయటివైపు అల్యూమినియం నల్లబడుతుంది. తర్వాత కడిగి, తుడిచి, రెండు చుక్కల నూనె రాసి పెట్టుకోండి. దుకాణానికి "పూత పోయింది" అని తెచ్చిన పెనాలు చాలావాటిని నేను ఇట్లాగే బాగుచేసి తిరిగి ఇచ్చాను.

తెల్లగా, సున్నం మరక లాగా, ఎండాక పొడిగా కనబడుతోందా? అది మన బోరు నీళ్ల పని. నీళ్లలోని సున్నం పెనం మీద పొరలా దిగింది. దానికి సోడా పనిచేయదు, పులుపు కావాలి. నిమ్మకాయంత చింతపండు పిసికిన నీళ్లు పోసి ఐదు నిమిషాలు మరిగించండి, లేదా నిమ్మచెక్క రుద్ది కాసేపు ఉంచండి. కడిగాక పెనాన్ని నీళ్లతో ఆరనివ్వకుండా వెంటనే బట్టతో తుడిస్తే ఈ మరక మళ్లీ రాదు. సున్నం ఎక్కువున్న నీళ్ల ఊళ్లలో ఈ తుడవడం ఒక్కటే పెనం వయసు పెంచుతుంది.

మూడోది, వెండిలాగా మెరిసే అల్యూమినియం బయటపడటం. లేదా పూత బుడగలుగా లేవడం, గోరు తగిలితే పొర ఊడటం. అప్పుడు ఏ మందూ లేదు, తీసేయాలి. తిన్న ముక్కలు విషమని కాదు. అక్కడ అంటుకుంటుంది, అంటుకుందని మీరు గీకుతారు, ఇంకా లేస్తుంది. పైగా చింతపులుసు, టమాట లాంటివి బయటపడ్డ అల్యూమినియాన్ని కరిగిస్తాయి. మళ్లీ పూత వేసిస్తామని తిరిగేవాళ్లకు ఇవ్వొద్దు, వాళ్లు ఏం పూస్తారో, ఎంత వేడిలో కాలుస్తారో ఎవరూ చెప్పలేరు. పాత సామాన్ల బండికి వేస్తే అల్యూమినియం తూకానికి డబ్బులిస్తారు.

కొత్తది కొనేటప్పుడు డబ్బా మీద పీఎఫ్ఓఏ లేదని రాసి ఉంటుంది, దాని గురించి అందరూ అడుగుతారు. పీఎఫ్ఓఏ అన్నది పూత తయారీలో వాడిన సహాయ రసాయనం, పూత కాదు. అది శరీరంలోనూ నేలలోనూ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇట్లా ఏళ్ల తరబడి నిలిచిపోయే రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధిత జాబితాలో 2019లో దాన్ని చేర్చారు. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించేదిగా తేల్చింది. పెనానికి పూత కాల్చేటప్పుడు అందులో చాలావరకు పోతుంది కాబట్టి దెబ్బ ఎక్కువగా తగిలింది ఫ్యాక్టరీల చుట్టుపక్కల నీళ్లు తాగినవాళ్లకే. నీళ్లు చెడితే బతుకు ఎట్లా ఉంటుందో తెలిసిన జిల్లా మనది, వాళ్ల బాధ మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు పేరున్న కంపెనీలు దాన్ని వాడటం లేదు. పీఎఫ్ఓఏ లేదన్నంత మాత్రాన పీటీఎఫ్ఈ లేదని కాదు, ఈ రెండూ వేరు. గ్రానైట్, మార్బుల్ అని చుక్కలు వేసి అమ్మేవి రాయి పెనాలు కావు, లోపల ఇదే పూతో, సిరామిక్ పూతో ఉంటుంది. సిరామిక్‌లో ఫ్లోరిన్ ఉండదు, అత్తమ్మ మనసు కుదుటపడాలంటే అది తీసుకోవచ్చు. కానీ దాని జారుడుతనం తొందరగా తగ్గుతుంది, అది తెలిసి కొనండి.

కొనేటప్పుడు నేను మొదట చూసేది మందం. చేతిలో పట్టుకుంటే బరువు తెలియాలి. దోశ పెనానికి 3 ఎంఎంకు తక్కువ తీసుకోవద్దు. పలుచటిది ఒకచోట మాడి, ఒకచోట పచ్చిగా కాలుస్తుంది. బల్ల మీద పెట్టి అంచు నొక్కండి, ఊగకూడదు. అడుగున ఐఎస్ఐ గుర్తు చూడండి. పది ముక్కల సెట్టు చవకగా వస్తోందని తీసుకోవడం కంటే మంచి పెనం ఒకటి, జొన్న రొట్టెకు, పొడులకు ఇనుప సామాను రెండు తీసుకుంటే ఇల్లు గడుస్తుంది.

చెల్లెమ్మా, మీ దోశ పెనం నడుమ అంటుకుంటోందని రాశారు కానీ రంగు రాయలేదు. గోధుమ రంగైతే రేపు పొద్దున సోడాతో చేసి చూడండి. సోడా తర్వాత మొదటి దోశ సన్న మంట మీద, నూనె ముందే వేసి పోయండి. పిండి అంచు దానంతట అదే పైకి లేచేదాకా అట్లకాడ పెట్టకండి. లేస్తే పెనం బతికినట్టే. ఆ దోశ పిండికి బియ్యం, మినపప్పు నానబెట్టే నీళ్లు కూడా తాగే క్యాను నీళ్లే పోయండి.